రిపోర్టు తీసుకోని నర్సయ్య డబ్బా

నిరుటి వానాకాలం. సూరత్‌లో నేను ఆయాగా పనిచేసే పాథాలజీ ల్యాబ్, అంటే ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్కల్ని పరీక్షించే చోటు. అల్మారా నిండా ఫార్మలిన్ డబ్బాలే. ఫార్మలిన్ అంటే ముక్క కుళ్లకుండా కాపాడే మందునీళ్లు. గడువు తీరిన డబ్బాలు ఖాళీ చేయించడం నా పని. మొదటి నుంచీ నాది ఒకటే పట్టు: మనిషి వచ్చి రిపోర్టు తీసుకోనిదే అతని ముక్కను బయటికి పోనివ్వను.

మన తెలుగు నేతపనివాళ్లు ఎక్కువగా ఉండే గోడాదరా పేటలో మగ్గం నడిపే నర్సయ్య డబ్బా అలా రెండు నెలలు ఉండిపోయింది. అతని లివర్‌లోని క్యాన్సర్ గడ్డను కోసి తీశారు. ఆ తర్వాత మనిషి జాడ లేదు. చూసి చూసి ఫోన్ చేసి పిలిపించాను. భార్య సత్తెమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

“రెండు నెలలేంది నర్సయ్యా? నీ ముక్కకు నేను కాపలానా?” అన్నాను.

“దాంట్ల ఏముంటది అవ్వా, సావు రాసుంటది. గది సదువుడెందుకు? ఇగ దవాఖానకు రాను. మగ్గం మీదనే పోత.”

“ఆపరేషన్ల కండ్లు మూస్కున్నవ్, సరే. ఇప్పుడు గూడ మూస్కుంటవా?” అంది సత్తెమ్మ.

ఆ మాటలు విని మా డాక్టరమ్మ అతని స్లైడ్లు మళ్లీ తీసింది. గడ్డ అంచున నీలి చుక్కల గుంపు ఒకటి కనిపించింది. నన్ను పిలిచింది; ల్యాబ్‌లో అందరికీ నేను మాసీని, అంటే పిన్నిని.

“మాసీ, ఇవి రోగంతో పోరాడే కణాలు. ఇలాంటి గుంపులు గడ్డ లోపల కూడా ఉంటే మంచి గుర్తు. చూడాలంటే ఇంకొన్ని ముక్కలు కావాలి. ఈపాటికి పారేసి ఉంటారు కదా?”

నేను డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను.

కొత్త స్లైడ్లు తయారైన రోజు డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఇన్నేళ్లూ స్లైడ్లు తుడిచానే గాని లోపలికి చూసింది లేదు. గులాబీ రంగు గడ్డ నడుమ నీలి చుక్కలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, గుంపులు గుంపులుగా. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మనవాళ్లు గోడాదరాలో గదులు కట్టుకున్నట్టు, రోగం కడుపులోనే బస్తీ వేసుకుని కూర్చున్నాయి.

సత్తెమ్మ ఆ రోజు మళ్లీ లాక్కొచ్చిన నర్సయ్యను కూడా చూడమన్నాం. చాలాసేపు కన్ను తీయలేదు.

“గివన్నీ నాయేనా అవ్వా?”

“నీయే. నువ్వు సావు గురించి ఆలోచించబడితివి, గవేమో ఆపరేషన్ దాకా లోపల డ్యూటీ జేసినయ్.”

డాక్టరమ్మ హద్దు కూడా చెప్పింది. ఈ గుంపులున్నవారిలో గడ్డ త్వరగా తిరిగి రావడం తక్కువే గాని, రాదని హామీ లేదు. మూడు నెలలకోసారి స్కానింగ్ తప్పదు. నర్సయ్య తేదీ అడిగి మరీ రాయించుకున్నాడు. ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు, సత్తెమ్మ చెయ్యి పట్టి లాగే పని లేకుండా.

రిపోర్టులో చావే కాదు, దాంతో కొట్లాడినవాళ్ల ఆనవాలు కూడా ఉంటుందని ఆ కేసుతో తెలిసింది. విప్పి చూడాలి, అంతే. మైక్రోస్కోపులో చూసిన రోజే నర్సయ్య సంతకం పెట్టి రిపోర్టు తీసుకోగానే, డబ్బా ఖాళీ చేసే పని ఇంకెవరికీ చెప్పలేదు. నేనే చేశాను.