సుగుణమ్మ ఆంటీ బాగుచేసిన బండి

నిన్న మధ్యాహ్నం మా నిజాంపేట అపార్ట్‌మెంటు పార్కింగులో ఎవరో ఇనుప గేటుకు రెడ్ ఆక్సైడ్ పూస్తున్నారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ ఎర్ర రంగు వాసన, టర్పెంటైన్ ఘాటు, గీకిన తుప్పు పొడి అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. కూరగాయల సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చాలా ఏళ్ల కిందట, చందానగర్‌లో, సుగుణమ్మ ఆంటీ ఇదే రంగును ఒక పాత పికప్ బండికి పూసింది. ఆవిడను మీరు చూసి ఉండరు. నేను కాస్త సరిగ్గా చేసే రెండు మూడు పనులు ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తెనాలి నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరాను. చందానగర్‌లో సుగుణమ్మ ఆంటీ వాళ్ల మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఆఫీసు క్యాంటీన్‌లో బల్లలు కూడా యాసను బట్టి విడిపోయాయి. ఎటు కూర్చోవాలో తెలియక నేను నా సీటు దగ్గరే అన్నం డబ్బా తెరుచుకునేదాన్ని. శుక్రవారం సాయంత్రం గదికి చేరితే సోమవారం ఉదయం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు.

ఆంటీ పెద్ద దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త దానియేలు అంకుల్ ఇరవై ఏళ్లు ఆ పికప్‌లో టెంటు సామాను, కుర్చీలు పెళ్లిళ్లకు చేరవేశాడు. పక్షవాతంతో ఆయన కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎడమచేత్తో చక్రాల కుర్చీ మీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు నలుగురు మగవాళ్లు ఆయనను మూటలా ఎత్తి ఆటోలో వేశారట. చెప్పు జారి కాలువలో పడిందట, వీధంతా చూసిందట. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాక ఆయన మళ్లీ గడప దాటలేదు. ఫిజియోథెరపీ ఆగిపోయింది, చర్చి ఆగిపోయింది. బండి ప్రహరీ పక్కన తుప్పు పట్టింది.

ఒక శనివారం నీళ్ల క్యాను కోసం కిందికి దిగితే బండి కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపించాయి.

"ఎవరు, పైపిల్లవా? గా పద్నాలుగు నంబర్ పానా ఇటియ్యి."

"ఏది పద్నాలుగో నాకు తెలియదండి."

"దాని మీదనే రాసుంటది. చదువుకున్నవు కద, చదువు."

అలా మొదలైంది. కుర్చీతో సహా ఆయన ఎక్కేలా బండిని మార్చాలన్నది ఆవిడ పంతం. ఇన్నేళ్లూ భర్త పక్కన నిలబడి చూసిన పనే ఆవిడకు చదువు; బండి నడపడమూ ఆయనే నేర్పాడు. మెకానిక్ దగ్గర తెలియనిది అడిగి వచ్చి, మిగతాదంతా ఇంటి ముందే చేసేది. క్లచ్ తీగ మార్చింది, డీజిల్ ఫిల్టర్ మార్చింది, తుప్పు తిన్న నేల మీద కొత్త రేకు పరిచింది. తెలియనిచోట అంకులే దిక్కు. ఆయన కిటికీ దగ్గర కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవాడు. మొదటిసారి బండి స్టార్టయినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. కిటికీలోంచి టక్, టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. "బెల్టా?" అని అడిగింది ఆంటీ. ఒక దెబ్బ. బెల్టు బిగించాక మళ్లీ స్టార్ట్ చేస్తే నా చెవికి ఏ తేడా తెలియలేదు. ఆయన మాత్రం ఒకే ఒక్క దెబ్బ కొట్టి కళ్లు తెరిచాడు.

ఆంటీ కొన్ని సాయంత్రాలు చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేది. ఆ సంగతి తెలిసిన రోజు పట్టుకున్న నట్టు వదిలేశాను.

"మాకు మా రాష్ట్రం కావాలె," అంది నా మొహం చూసి. "నీకు వద్దనిపిస్తే వద్దను. గదానికి నట్టెందుకు ఇడిసిపెడతవు?"

ఆఫీసులో ఏడాదిగా ఎవరూ నాతో అంత సూటిగా మాట్లాడలేదు. నట్టు మళ్లీ పట్టుకున్నాను.

వెనక తలుపు దగ్గర మడతపడే వాలు బల్ల అమర్చడమే కష్టమైంది. మొదటిది మరీ నిటారుగా వచ్చింది. నేను కాగితం మీద లెక్క వేసి పొడవు పెంచమన్నాను. ఆవిడ వెల్డింగ్ షాపులో దాన్ని రెండు ముక్కలుగా చేయించి తెచ్చింది. ముందు బియ్యం బస్తా కుర్చీలో పెట్టి ఎక్కించి చూద్దామన్నాను. పరీక్షలు చేయడమే నా ఉద్యోగం కదా.

"బస్తాకు భయముంటదా? నువ్వు కూసో," అంది.

కూర్చున్నాను. అంకుల్‌లాగే కుడిచేయి ఒళ్లోంచి తీయవద్దని చెప్పి వెనక్కి లాగుతూ పైకి ఎక్కించింది. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు కుర్చీ ముందుకు ఒరిగింది. ఎడమచేయి చాపితే గాలి తప్ప ఏమీ దొరకలేదు. గేటు బయట పాలు తీసుకెళ్తున్న ఒకాయన ఆగి నన్నే చూస్తున్నాడు. కిందికి వచ్చాక కుర్చీలోంచి లేచాను.

"పట్టుకోవడానికి ఏమీ లేదండి. ఎవరైనా చూస్తుంటే ఇంకా భయంగా ఉంది."

ఆంటీ తల ఊపింది. తర్వాతి వారానికల్లా ఎడమవైపు పొడుగునా ఒక గొట్టం, దానికి చుట్టిన సైకిల్ ట్యూబు, బండి వెనక తొట్టికి మూడు వైపులా ముదురు నీలం తెరలు వచ్చాయి. పైన రెడ్ ఆక్సైడ్, దాని మీద తెల్ల రంగు. కుర్చీ చక్రాలకు నేల మీద కొక్కేలు.

అంతా సిద్ధమయ్యాక అంకుల్‌ను అడిగింది. రెండు దెబ్బలు. మరునాడు అడిగితే మళ్లీ రెండు. ఆంటీ బతిమాలలేదు, కోప్పడలేదు. రోజూ సాయంత్రం బండిని పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి ఆపేసేది. ఆ పది నిమిషాలూ స్టీరింగ్ ముందు ఒక్కతే ఎటో చూస్తూ కూర్చునేది. నేను మేడ మీద నుంచి చూసేదాన్ని. దిగి వెళ్లాలనిపించేది, ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

ఆ తర్వాత నెలకు నాకు జ్వరం వచ్చింది. బంద్ రోజు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. రెండు రోజులుగా నేను కిందికి రాలేదని ఆంటీ పైకొచ్చి చూసింది. ఒంటి మీద ఎర్ర చుక్కలు చూసి నన్ను తన భుజానికి ఆనించుకుని కిందికి దింపింది. బండి తాళం తీస్తుంటే ఇంట్లోంచి కుర్చీ మీద ఆపకుండా దెబ్బలు. ఆంటీ గుమ్మంలో నిలబడింది.

"ఏంది? నువ్వు గూడ వస్తవా?"

ఒక దెబ్బ.

అంత కష్టపడి చేసిన బండిలో ఆయన మొదటిసారి ఎక్కింది నా కోసం. నేను తొట్టిలో పరుపు మీద పడుకున్నాను. ఆయన నా పక్కన కుర్చీలో, ఒక్క నిమిషం గొట్టం పట్టుకుని, తర్వాత దాన్ని వదిలి నా నుదుటి మీద చేయి పెట్టాడు. ముంబై హైవే మీద ఉద్యమకారులు బండి ఆపారు. ఒక కుర్రాడు తెర తీసి నా పేరు, ఊరు అడిగాడు. నేను "తెనాలండీ" అన్నాను. అతను బండి దిగి వచ్చిన ఆంటీ వైపు చూశాడు.

"ఆంధ్రా పిల్లనా?"

"నా ఇంట్ల పిల్ల," అంది ఆంటీ. "నిన్న మీతోని నేను గూడ కూసున్న. గిప్పుడు జర తొవ్వ ఇయ్యి, రేపొచ్చి మళ్ల కూసుంట."

అడ్డుపెట్టిన రాళ్లు వాళ్లే జరిపారు. డెంగీ అని తేలింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అమ్మ తెనాలి నుంచి వచ్చేదాకా ఆంటీయే నా మంచం పక్కన ఉంది.

ఆ తర్వాత అంకుల్ చర్చికి వెళ్లాడు, ఫిజియోథెరపీకి వెళ్లాడు. ఒకరోజు దీక్షా శిబిరానికీ వెళ్లాడు. అందరూ నినాదం ఇస్తుంటే ఎడమ పిడికిలి పైకెత్తాడు. ఆయన కుర్చీ నేనే పట్టుకున్నాను. నినాదం ఇవ్వలేదు, కుర్చీ వదలలేదు.

రాష్ట్రం వచ్చింది. నాకు ప్రమోషన్ వచ్చింది, నిజాంపేటకు మారాను. ఆంటీ దగ్గరికి వారం వారం వెళ్లేదాన్ని నెలకోసారికి వచ్చాను, తర్వాత పండగలకు. ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఆంటీ పేరు ఫోను మీద మెరిసింది. తర్వాత చేద్దామని బోర్లించాను. ఆ తర్వాత అనేది మూడు వారాలైంది, అప్పుడు గానీ నాకు సంగతి తెలియలేదు. అప్పటికే అంకుల్ సమాధి మీద మట్టి ఆరిపోయింది.

పరుగున వెళ్లాను. బండి లేదు. పటాన్‌చెరులో నడవలేని కూతురున్న ఒక కుటుంబానికి ఇచ్చేసిందట. ఆంటీ వంటింట్లో ఒక్కతే చింతపండు పిసుకుతోంది.

"నాకెందుకు చెప్పలేదు ఆంటీ?" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో!

"చేసిన బిడ్డా. నువ్వు ఎత్తలే."

అంతే. తిట్టలేదు. అన్నం పెట్టింది. వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి, "ఇగ ఎత్తు," అంది.

ఎత్తాను. ఆ తర్వాత నాలుగేళ్లు ఆవిడ ఎప్పుడు చేసినా ఎత్తాను. చివరిసారి చేసినప్పుడు పెద్ద సమావేశంలో ఉన్నాను, అందరి ముందూ లేచి బయటికి వచ్చాను. "ఏమైందాంటీ?" అన్నాను కంగారుగా. ఆవిడ చిన్నగా నవ్వింది. "ఏం లేదు. ఎత్తుతవో లేదో చూసిన. పో, పని చూస్కో."

నెల తిరక్కుండా ఆవిడా వెళ్లిపోయింది. ఇప్పటికీ ఫోను మోగితే ఏ పనిలో ఉన్నా బయటికి నడుస్తాను. ఎక్కువసార్లు ఏదో ప్లాటు అమ్మజూపే గొంతే ఉంటుంది. వద్దండీ అని చెప్పి, అవతల వాళ్లు పెట్టేసేదాకా ఆగుతాను.