ఉయ్యాల హుక్కు, బాపు నడుము

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో లోకమంతా మన ఆఫీసు నియమాల ప్రకారమే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. నేను మెడికల్ కోడింగ్‌లో చేరిన కొన్నాళ్లకే లాక్‌డౌన్ వచ్చి, సూరత్ భేస్తాన్‌లోని మా ఒంటి గదే ఆఫీసైపోయింది. ఎక్కడో డాక్టర్లు రాసిన రిపోర్టులు చదివి, ఏ జబ్బుకు ఏ కోడ్ వెయ్యాలో చూసి వెయ్యడం నా పని. నాకు వచ్చేవన్నీ నడుము పూసలు విరిగిన కేసులే. ఏ పూస విరిగింది, ఎలా విరిగింది, అన్నీ ఉండాలి. డాక్టరు రాయకపోతే అడగాలి కానీ, జవాబు మనం అందించకూడదు. "కింద పడ్డాడా?" అనకూడదు, "ఏం జరిగింది?" అనాలి. ఈ నియమాన్ని నేను వంటింట్లో కూడా పాటించేదాన్ని (వంటిల్లంటే గదిలో స్టవ్ ఉన్న మూల).

సాంచెలు ఆగిపోవడంతో (మరమగ్గాలను మా తెలంగాణవాళ్లు అలాగే అంటారు, నాన్నను బాపు అన్నట్టే) వాటి మీద పనిచేసే బాపు ఇంట్లోనే ఉండేవాడు. పైన ఉండే ఓనరమ్మ సొంతూరికి వెళ్తూ, తులసికి నీళ్లు పొయ్యమని బాపుకు తాళంచెవి ఇచ్చింది. ఒక మధ్యాహ్నం అలా పైకి వెళ్లిన మనిషి గోడ పట్టుకుని దిగొచ్చాడు. నేను వెళ్లి చూస్తే ఇక్కడి ఇళ్లలో పెద్దవాళ్లు కూర్చుని ఊగే రకం ఓనరమ్మ ఉయ్యాల ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది, దాని హుక్కు ఊడి నేల మీద పడి ఉంది. అంతా అర్థమైంది, అయినా నియమం నియమమే కదా! ఏమైంది బాపూ అని అడిగాను.

"ఏం గాలే బిడ్డ. గిట్లనే పట్టింది."

ఏం చేస్తుంటే పట్టింది అంటే నీళ్లు పోస్తుంటే అన్నాడు. వీధి చివర డాక్టరు దగ్గరా అదే పాట. ఆయన నరం పట్టిందనుకుని మాత్రలు రాయబోయాడు. పడ్డ సంగతి తెలిస్తే తప్ప ఎక్స్‌రే దాకా పోడు. విరిగిన పూసతో బాపు మళ్లీ బరువులు మోస్తే ఏమవుతుందో రోజూ చదివే నాకు తెలుసు. ఆ భయానికి నియమం ఎగిరిపోయింది.

"ఉయ్యాల మీదికెల్లి పడ్డవు గదా బాపు?"

బాపు మాస్కును కళ్లదాకా లాక్కున్నాడు.

"సాంచెల సప్పుడు లేక నిద్ర పడ్తలేదు బిడ్డ. ఆ ఉయ్యాల కిర్రుకిర్రుమంటుంటే జర కన్నంటుకుంటది. రోజు పోతున్న."

నాకు ఏడుపొచ్చింది. డాక్టరుకు హిందీలో ఎలాగో చెప్పాను. ఎక్స్‌రేలో కింది పూస ఒకటి చితికిందని తేలింది. బెల్టు పెట్టుకుని మంచం మీద ఉన్నన్నాళ్లూ అమ్మ తిట్లు వినలేక పక్కకు తిరిగే వీలు కూడా బాపుకు లేకపోయింది.

ఇప్పుడు సూరత్‌లోనే ఆల్థాన్‌లో మా ఇంట్లోనూ ఒక ఉయ్యాల ఉంది. ఎక్కేముందు బాపు హుక్కును గుంజి చూస్తాడు. మొన్న పక్కన కూర్చుని పని చేసుకుంటుంటే, ఏం రాస్తున్నావని అడిగాడు. ఎవరో ముసలాయన నడుము విరిగిందట, ఎలా విరిగిందో రిపోర్టులో రాయలేదు, డాక్టరును అడుగుతున్నానని చెప్పాను. బాపు కాసేపు ఊగాడు.

"సిగ్గుకు చెప్పి ఉండడు బిడ్డ. జర మెల్లగ అడుగుమను."

ఆ మాటను ఇంగ్లిషులో మర్యాదగా ఎలా రాయాలో తెలియక, నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.