ఫ్రేములో పట్టని లచ్చన్న

గణేశ్వరరావు నర్సీపట్నంలో పాతికేళ్లకు పైగా పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. నాది పక్కనే జెరాక్స్ షాపు. మనిషి మంచివాడే గానీ, బొమ్మ కొలతల దగ్గర మహా మొండిఘటం. పాత టీవీల నాటి వీడియో వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు, ఇప్పటి టీవీది పదహారుకి తొమ్మిది, ఫోన్లో నిలువుగా చూసేది తొమ్మిదికి పదహారు. పాతదాన్ని సాగదీస్తే మనుషులు లావైపోతారనీ, కోస్తే ఎవరో ఒకరు ఎగిరిపోతారనీ, మిగిలిన ఖాళీలో నల్ల పట్టీలు ఉంటే కొంపేం మునగదనీ వచ్చిన ప్రతివాడికీ క్లాసు పీకేవాడు. వినలేక సగంమంది వేరే స్టూడియోలకు పోయారు.

మొన్న శ్రావణంలో గొలుగొండ నుంచి దేవుడమ్మ తన కూతురి పెళ్లి క్యాసెట్ తెచ్చింది. ఆమె భర్త లచ్చన్న పోయి వారమైంది. ఆయన కదులుతూ కనిపించేది లోకం మొత్తమ్మీద ఆ ఒక్క క్యాసెట్లోనే. పెద్దకర్మ నాటికి ఫోన్లో చూసేలా చెయ్యమంది, చుట్టాలందరికీ లింకు పంపాలట. బూజుపట్టిన టేపు ఒక్కసారి తిరిగి, కంప్యూటర్లోకి ఎక్కాక ముక్కలైపోయింది. ఎక్కింది కదా అని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

నా నోరు ఊరుకుంటేనా! ఫోన్లో చిన్న బొమ్మ, పైనా కిందా నలుపు, ఎవడు చూస్తాడయ్యా, నిండుగా నిలువుగా చెయ్యమని సతాయించాను. ఎన్నడూ విననివాడు ఆ రోజు విన్నాడు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ పెళ్లికూతురినీ పెళ్లికొడుకునీ మధ్యలో పెట్టి, అటూ ఇటూ కోసేశాడు. తొందరలో దాన్ని కోయని పాత ఫైలు మీదే సేవ్ చేశాడు, అది కాస్తా చెరిగిపోయింది.

దేవుడమ్మ స్టూడియోలోనే కూర్చుని ఫోన్లో చూసింది. లచ్చన్న ఉన్నది కన్యాదానం దగ్గరే, అదీ ఓ అంచున. అల్లుడి కాళ్లు కడుగుతున్న రెండు చేతులు మాత్రం మిగిలాయి.

"ఆ సేతులు ఆయనయే బాబూ. మొకమేదీ?" అంది. బొమ్మను వేలితో పక్కకు నెట్టి చూసింది. ఇంకోసారి నెట్టింది. "కూసింత ఇటు జరపండి బాబూ."

గణేశ్వరరావు అడ్డుపడ్డాడు. "జరగదమ్మా. నేనే కోసేశాను."

తప్పు నాదీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ సిగ్గుతో చస్తున్నాను. దేవుడమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను ఒళ్లో పెట్టుకుని, ఆ చేతులు కనిపించే చోట ఆపి ఉంచమంది.