వడదెబ్బేనని చెప్పుకున్నారు

మా బావగారు సత్యనారాయణ భయస్తుడు. ఈ మాట ఆయన ముందే అంటాను, పక్కనున్న మా అక్క జయశ్రీ ముసిముసిగా నవ్వుతుంది. బూట్లు తొడుక్కునే ముందు లోపల సాలీడు ఉందేమోనని రెండింటినీ నేలకేసి కొట్టే మనిషి. ఈ దేశమొచ్చి స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో పక్కింటివాళ్లు పెరట్లో మాంసం కాల్చుకుని తినే బార్బీకి పిలిస్తే, గ్యాస్ సిలిండర్‌కు దూరంగా కంచెకు ఆనుకుని నిలబడి తిన్నారు. కళ్లముందు రైలు కదిలిపోతున్నా పరిగెత్తరు, తర్వాతి రైలుకు వెళతారు. అది మాత్రం బద్ధకం అనుకునేవాళ్లం.

అవన్నీ నవ్వుకునే భయాలు. నవ్వుకోలేని భయం ఇంకొకటుంది. తన కూతురు చైత్ర ఏదో ఒక రోజు పరిగెత్తుతూ పరిగెత్తుతూ పడి చచ్చిపోతుందని. ఆ సంగతి ఈ మే నెల దాకా నాకు తెలియదు. కట్టుకున్న అక్కకే తెలియదు.

చైత్రకు పదహారేళ్లు, పదకొండో క్లాసు. ఏడో క్లాసులో స్కూలు పిల్లలందరినీ ఒక రోజు పార్కు చుట్టూ పరిగెత్తిస్తే, అందరికన్నా ముందొచ్చి, మిగతావాళ్లు ఎక్కడున్నారా అని వెనక్కి తిరిగి చూసిందట. అప్పటి నుంచి క్రాస్ కంట్రీ పిచ్చి పట్టుకుంది. ట్రాక్ మీద గుండ్రంగా తిరిగే పరుగు కాదది. గడ్డి, బురద, గుట్టలు, యూకలిప్టస్ చెట్ల మధ్య కాలిబాటలు, అన్నీ కలిపి నాలుగు కిలోమీటర్లు. పిల్ల సన్నగా, పొడుగ్గా, మాటకు ముందే మొహం చిట్లించే రకం. పిన్ని పోలిక అని మా అక్క దెప్పుతుంది.

మంగళవారం, గురువారం స్కూలయ్యాక ట్రైనింగ్. శనివారం పొద్దున కూడా. ఈ ఏడాది మొదట్లో బావగారు చైత్రను మూడు ట్యూషన్లలో చేర్చారు. మంగళవారం లెక్కలు, గురువారం కెమిస్ట్రీ, శనివారం గిరావీన్‌లో ఇంగ్లిష్. సరిగ్గా అవే రోజులు, అవే వేళలు. మాలో ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే ఏడాది పన్నెండో క్లాసు, హెచ్‌ఎస్‌సీ పరీక్షలు కదా, పిల్లను మెడిసిన్ చదివించాలనుకుంటున్నారు కాబోలు అనుకున్నాం. మా వాళ్లలో తండ్రి ఏ భయాన్నయినా చదువు కింద దాచిపెట్టుకోవచ్చు. ఎవరూ ఎత్తి చూడరు, పైగా మెచ్చుకుంటారు.

"నా రన్నింగ్ అంటే డాడ్‌కి ఎందుకంత హేట్, పిన్నీ?" అని చైత్ర నన్నడిగింది.

"మార్కుల పిచ్చిలేవే" అన్నాను.

మానేయమంటే మానేసే పిల్లయితే ఇంత కథ లేదు. చైత్ర తెల్లవారక ముందే లేచి, నుదుటికి చిన్న లైటు కట్టుకుని, ఇళ్ల వెనక వాగు పక్క దారిలో ఒక్కతే పరిగెత్తడం మొదలుపెట్టింది. ట్యూషన్‌కు బస్సులో వెళ్లమంటే పుస్తకాల సంచీ వీపున వేసుకుని పరుగున వెళ్లేది. అసైన్‌మెంట్లు తిరిగొచ్చేటప్పుడు కారులో రాసేది. రాత్రి అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కంచంలో ఉండగానే కళ్లు మూతలు పడేవి. అయినా ఒక్క ట్యూషనూ ఎగ్గొట్టలేదు, ఒక్క పరీక్షలోనూ మార్కులు తగ్గనివ్వలేదు. తగ్గితే పరుగు పోతుందని దానికి తెలుసు.

కోచ్ కళ్లముందు, నలుగురు పిల్లల మధ్య పరిగెత్తే కూతురిని ఆయన చీకట్లోకి, ఒంటరిగా తోశారు. ఆ ముక్క ఆయనకూ అర్థమైనట్టుంది. అర్థమై ఆయన చేసిన పని చూడండి.

మే నెలాఖరున ఒక పొద్దున, ఇంకా వెలుతురు రాకముందే ఫోన్ చేశారు. "సుధా, ఒకసారి వాగు దగ్గరికి రాగలవా? పోలీసులు ఆపారు. అక్కకి చెప్పబాకు."

మా ఇల్లు రెండు వీధుల అవతలే. నైటీ మీద జాకెట్ వేసుకుని పరిగెత్తాను. విషయం ఏమిటంటే, కొన్నాళ్లుగా ఆయన రోజూ కారు లైట్లు ఆర్పేసి కూతురి వెనకే నెమ్మదిగా నడుపుకుంటూ వెళుతున్నారు. కుక్కను తిప్పుకునే ఎవరో పెద్దాయన చూసి, చీకట్లో ఆడపిల్లను ఎవడో కారులో వెంటాడుతున్నాడని ఫిర్యాదు చేశాడు. తప్పేమీ లేదు, నేను చూసినా అదే చేసేదాన్ని.

"ఆమె నా కూతురే" అంటున్నారు బావగారు, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని.

"అయితే లైట్లు ఎందుకు ఆర్పారు?" అంది పోలీసు అమ్మాయి.

చైత్ర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "యెస్, హీ ఈజ్ మై డాడ్. అన్‌ఫార్చునేట్లీ" అంది. పోలీసులు వెళ్లాక తండ్రి వైపు కూడా చూడకుండా ఇంటి వైపు పరుగెత్తింది. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా ఆయన కళ్లార్పలేదు. నేను కారెక్కి తలుపు వేసి, తిట్టడానికి నోరు తెరిచాను.

"కిట్టు వడదెబ్బతో పోలేదు సుధా" అన్నారాయన.

కిట్టు ఆయన తమ్ముడు. కందుకూరులో ఉండగానే, కానిస్టేబుల్ సెలక్షన్ పరుగులో, ఎండాకాలంలో వడదెబ్బ తగిలి పోయాడని మా రెండు కుటుంబాల్లో అందరికీ తెలుసు. అక్క పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పారు. ఎదిగొచ్చిన పిల్లవాడే అని మా అమ్మ నొచ్చుకుంది కూడా.

"ఆ రోజు అసలు ఎండే లేదు. మబ్బు పట్టి ఉంది. గట్టు మీద నిలబడి చూస్తన్నా నేను. చివరి రౌండులో నా వైపు చూసి నవ్వాడు. నవ్వు మొహం అట్టాగే ఉంది, మనిషి పడిపోయాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పాడు. గుండె కండ మందంగా ఉంది, ఇది రక్తంలో వచ్చేది, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి అని. గుండెజబ్బు వంశం అని తెలిస్తే నీకు పిల్లనెవరిస్తార్రా, వడదెబ్బ, అంతే అంది మా అమ్మ. అదే ఖాయమైంది."

"మీరు చేయించుకున్నారా?"

"లేదు."

"ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా?"

"ఉందని తేలితే మీ అక్కకి చెప్పాల. పెళ్లికి ముందు దాచామని చెప్పాల. చైత్రకి నేనే ఇచ్చానని చెప్పాల."

నాకు జాలి రాలేదు, ఒళ్లు మండిపోయింది. పక్క వీధిలో క్లినిక్ ఉన్న ఊళ్లో కాపురముంటూ, కూతురి గుండెను చీకట్లో కారు వేసుకుని కాపలా కాస్తున్నాడీ మనిషి. పిల్ల పడిపోతే కారులోంచి ఏం చేద్దామనుకున్నారు బావగారూ అని అడిగేశాను. ఆయన ఏడ్చారు. మగవాళ్లు అట్లా ఏడవడం నేను చూడలేదు. చివరికి ఒక గడువు పెట్టాను. జూన్‌లో చైత్రకు స్కూళ్ల రీజినల్ పోటీ ఉంది. ఆ పరుగు మొదలయ్యేలోపు కూతురికి ఆయనే చెప్పాలి, లేదా నేను చెబుతాను. సరేనన్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడు అడిగినా, రేపు అన్నారు.

ఇక్కడ జూన్ అంటే చలికాలం, పోటీ రోజు పొద్దున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. అక్కకు ఫార్మసీలో డ్యూటీ, అందుకని నేనూ బావగారూ వెళ్లాం. నన్ను కారు ఆపి రమ్మని, ఇప్పుడే చెప్పేస్తానంటూ ఆయన ముందు దిగిపోయారు. పార్కింగ్ దొరక్క నేను వెళ్లేసరికి పిల్లలంతా గీత దగ్గర వరసగా నిలబడ్డారు.

"చెప్పారా?"

"నన్ను చూసి నవ్వింది సుధా. యూ కేమ్, అంది. మొదటిసారి గదా నేను రావడం. నోరు రాలేదు."

నేను గీత వైపు రెండడుగులు వేశానో లేదో, పరుగు మొదలెట్టే తుపాకీ పేలింది.

చైత్ర మూడోదిగా చెట్లలోకి వెళ్లింది. ఆ చెట్ల వెనక దారి ఎలా ఉంటుందో మాకు కనిపించదు. అవతలి వైపు నుంచి పిల్లలు బయటికి రావాలి. పక్కన ఎవరో తల్లిదండ్రులు కాఫీలు తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ క్షణంలో ఆయన ఇన్నేళ్లు ఎక్కడ నిలబడి బతికారో నాకు తెలిసింది. మొదటి పిల్ల బయటికొచ్చింది. రెండో పిల్ల వచ్చింది. తర్వాత ఎవరూ రాలేదు. ఆ తర్వాత వచ్చింది చైత్ర కాదు. ఆ తర్వాత వచ్చిన పిల్లా కాదు.

అడ్డంగా కట్టిన టేపును ఎత్తి బావగారు లోపలికి దూరారు. ఆఫీసు బూట్లతో, కోటుతో, ఆ గుట్ట మీదుగా పరిగెత్తారు. నేను వెనక నుంచి అరుస్తూనే ఉన్నాను. చెట్ల దాకా వెళ్లారో లేదో చైత్ర లోపలి నుంచి దూసుకొచ్చింది. మోకాళ్ల దాకా బురద, మోచేతి మీద గీరుకుపోయిన నెత్తురు, అంతకుమించి ఏమీ లేదు. బురదలో జారి పడి లేచిందంతే. బావగారు ఆ పిల్లను చూశారు. చూసి, ఒక చెట్టును పట్టుకుని, మెల్లగా కిందికి జారిపోయారు.

చైత్ర ఆగిపోయింది. వెనకొచ్చే పిల్లలు ఒక్కొక్కరే దాటి వెళ్లిపోయారు. అది తండ్రి తలను ఒళ్లో పెట్టుకుని డాడ్, డాడ్ అంటూ కూర్చుంది. అంబులెన్స్ వాళ్లు వచ్చి చొక్కా విప్పి ఛాతీకి తీగలు అతికిస్తుంటే ఆయనకు తెలివొచ్చింది. నీకేం కాలేదా అని అడిగారు కూతుర్ని. ఆ గడ్డి మీదే, తీగలతోనే, కిట్టు సంగతి మొత్తం చెప్పేశారు. అంబులెన్స్ వాళ్లు మాట్లాడొద్దన్నా వినలేదు.

కిట్టుకున్నదే ఆయనకూ ఉందని ఆసుపత్రిలో తేలింది. మందులిచ్చారు, బరువులు ఎత్తొద్దన్నారు, పరిగెత్తొద్దన్నారు. ఇన్నాళ్లు ఏమీ కాకపోవడం అదృష్టమన్నారు. చైత్రకు స్కాన్ చేసేదాకా అదీ పరిగెత్తకూడదన్నారు.

మా అక్క వారం దాకా ఆయనతో మాట్లాడలేదు. వేళకు మందులిచ్చేది, వంట చేసేది, అంతే. తర్వాత నా ముందే అడిగింది. "చెప్తే నిన్ను చేసుకోననుకున్నావా?"

"అవును" అన్నారు బావగారు.

అక్క మాత్రలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "చేసుకునేదాన్ని కాదేమో" అంది. అబద్ధం చెప్పలేకపోయింది. ఆ తర్వాతే వాళ్లిద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం చూశాను.

నాకు దిగులేసింది చైత్రను చూసి. ట్రైనింగ్ లేదు, తీరిక బోలెడు, పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది, పేజీ తిరిగేది కాదు. గుట్టలెక్కి దిగిన పిల్ల ఇంట్లో మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, మెడ మీద వేళ్లు పెట్టుకుని నాడి చూసుకునేది. తండ్రి భయం తండ్రి దగ్గరే ఉండిపోతే బాగుండేది.

స్కాన్ రోజు అందరం వెళ్లాం. పిలిచేదాకా గది బయట కుర్చీల్లో కూర్చున్నాం. అప్పుడే కందుకూరు నుంచి బావగారి అమ్మ మంగతాయారు గారి ఫోన్ వచ్చింది. ఆయన కూతురి వైపు చూసి, స్పీకర్ పెట్టి, ఆవిడకు చెప్పేశారు. కిట్టుకున్నదే నాకూ ఉందమ్మా, ఇవాళ చైత్రకి పరీక్ష చేస్తన్నారు అని.

అవతల ఆవిడ ఏడుపు వినిపించింది. కాసేపటికి ముక్కు చీదుకుని, గొంతు తగ్గించి అంది.

"ఎవరికీ చెప్పబాకు నాయనా. రేపు పిల్లకి సంబంధాలు చూడాల గదా."

నాకు కోపం నషాళానికి అంటింది. ఫోన్ లాక్కుని నాలుగు మాటలు అందామనుకున్నాను. ఈలోగా చైత్ర ఫోన్ అందుకుంది. నానమ్మతో హలో, బాగున్నా తప్ప ఎప్పుడూ మాట్లాడదు.

"నానమ్మా" అంది. "ఐ యామ్ స్కేర్డ్. నాకు భయంగా ఉంది."

లైను తెగిందేమో అనుకున్నాం. లోపలి నుంచి నర్సు వచ్చి చైత్ర పేరు పిలిచింది.

"ఒక్కదానివే పోబాకమ్మా" అంది ఫోన్‌లోంచి నానమ్మ. "మీ నాన్నని, అమ్మని, అందర్నీ తీసుకుపో. కిట్టు ఒక్కడే పోయాడు తల్లీ."

నర్సు ఇద్దరికి మించి లోపలికి రాకూడదంది. అయినా అందరం లేచాం.