హీటర్ పైపు మీద ఏడు దెబ్బలు

నవంబర్ 16, శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. హాజరు: నేను, నా భార్య, మూడో అంతస్తు అక్కచెల్లెళ్లు. పెద్దమ్మాయికి పదకొండేళ్లు, చిన్నదానికి ఎనిమిది.

డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో రిటైరైనప్పటి నుంచి శనివారాలు ఈ పిల్లలకు తెలుగులో కథలు రాయడం నేర్పుతున్నాను. నేను చెప్పేవి మూడే. చూసిందీ విన్నదీ రాయాలి. ‘భయం వేసింది’ అని రాయకూడదు, భయపెట్టినదాన్ని రాయాలి. ఒక సంగతి మూడుసార్లు జరిగితే, మూడోసారి కొంచెం మారాలి.

అప్పటికే బయట చీకటి పడుతోంది. పెద్దమ్మాయి నిలబడి చదివింది.

గురువారం పొద్దున కింది ఇంటి ముసలావిడ హీటర్ పైపు మీద ఏడుసార్లు కొట్టిందట. మా భవనంలో ఆ వైపు ఇళ్లన్నిటికీ ఒకటే పైపు. పైవాళ్లు గొడవ చేస్తే కిందివాళ్లు అలా కొట్టి చెప్పడం ఇక్కడ మామూలే. వాళ్లమ్మ భయపడి పిల్లలకు మందపాటి సాక్సులు తొడిగింది. శుక్రవారం మూడే దెబ్బలు. ఆవిడ కోపం తగ్గిందని అమ్మ సంతోషించి టీవీ కూడా ఆపేసింది. ఇవాళ పొద్దున ఒక్కటే. ఇప్పుడు అందరూ మునివేళ్ల మీద నడుస్తున్నారు.

“అక్క కథలో ఒక్క దయ్యం కూడా లేదు. నల్ మార్కులు, సున్నా,” అంది చిన్నది.

నాకు మాత్రం ముచ్చటేసింది. ఏడు, మూడు, ఒకటి. చెప్పినట్టే మూడోసారి మార్చింది. రేపు దెబ్బే వినిపించదు, కథ అక్కడ ఆపెయ్ అని సలహా కూడా ఇచ్చాను.

ఆ అమ్మాయి నోట్‌బుక్ మూయలేదు.

“నేనేం మార్చలేదు తాతా. నిజంగా అట్లనే వినబడ్డది.”

నా భార్య చేతిలోని పళ్లెం కింద పెట్టింది. నేను డైరీ వెనక్కి తిప్పాను. శుక్రవారం కింద నా చేతిరాతే ఉంది: ‘రెండో అంతస్తు ఆవిడ పోస్టు డబ్బాలో నిన్నటి పేపర్ కూడా అలాగే ఉంది.’ రాశాను, ఇంక్ ఆరాక మూసేశాను.

నా భార్య రెండో అంతస్తులో బెల్ కొట్టింది. ఎవరూ తియ్యలేదు. పిల్లలతో నేను మూడో అంతస్తుకు వెళ్లాను. వాళ్లమ్మ తలుపు తీసి, వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. బాత్రూంలో వంగి పెన్నుతో పైపు మీద రెండుసార్లు తట్టాను. ఆగాం. పైపు వెచ్చగా ఉంది. చాలాసేపటికి, గోటితో గీకినట్టు, కింద నుంచి ఏదో వచ్చింది.

“ఆమెనే,” అంది పెద్దమ్మాయి గొంతు తగ్గించి.

112కి ఫోన్ చేశాను. ఫైర్‌వాళ్లు వచ్చి తలుపు తెరిచారు. ఆవిడ బాత్రూం నేల మీద పడి ఉంది, తుంటి విరిగి. చేతిలో జుట్టు దువ్వుకునే బ్రష్ ఉంది. స్ట్రెచర్ మీద దింపుతుంటే కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడలేదు. బతుకుతుందా అని అడిగితే వాళ్లు దారి ఇమ్మని చెయ్యి ఊపారు.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు హనోవర్ నుంచి ఆవిడ కూతురు వచ్చి మా బెల్ కొట్టింది. పిల్లల తల్లి కూడా కిందికి దిగి మా గుమ్మంలోనే నిలబడింది. ఆపరేషన్ అయిందట, ప్రాణానికి భయం లేదట. తెలివి రాగానే ఆవిడ చెప్పిన మాట కూతురు మాకు చెప్పింది.

“నేను కొట్టినప్పుడల్లా పైన అడుగుల చప్పుడు ఇంకా తగ్గిపోయింది. చివరికి ఆ ఇంట్లో ఎవరూ లేరనుకుని కొట్టడం మానేశాను.”

పిల్లల తల్లి మెట్టు మీద కూర్చుండిపోయింది. పైన పిల్లలిద్దరూ లేచే ఉన్నారట. మాకు ఒక్క అడుగు చప్పుడు కూడా వినిపించలేదు.