లావెండర్ కుండీల్లో బియ్యం కడుగు

నాలో ఒక కుళ్ళు ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తూ తిరుగుతున్నాను. బరువు అనొచ్చు, కానీ ఆ మాట మరీ మర్యాదగా ఉంటుంది. బరువు మోసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. నన్ను చూసి మీరు జాలిపడకూడదు. రోత పుట్టాలి. నాకు పుడుతోంది కాబట్టే చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నాకు కావలసిందీ అదే. తెలిసినవాళ్ళకి చెబితే సగంలోనే అడ్డం పడి, "పోనీలే, ఏదో తెలియక చేశావు" అంటారు. తెలియక కాదు. తెలిసే చేశాను. రోజూ చేశాను.

మాది విజయనగరంలో వ్యాపారం చేసుకునే కుటుంబం. కింద కిరాణా కొట్టు, దాని వెనక వంటిల్లు, పైన గదులు. నేను పెద్దకోడల్ని. నా తోడికోడలు అంటే మా మరిది భార్య. అసలు పేరు చెప్పను, శైలజ అనుకోండి. ఎచ్చెర్లలో యూనివర్సిటీలో చదువుకుంది, మొక్కల చదువే. మా ఇంటికొచ్చాక ఆ పిల్లకి కడుపు నిలిచి, నెలలు బాగానే గడిచాక పోయింది. ఆ తరవాత మంచం దిగేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. పలకరిస్తే ఊ అనేది, అంతే.

ఏదైనా వ్యాపకం పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. మరిది ఫోన్లో వెతికి లావెండర్ మొక్కలు తెప్పించాడు. అట్టపెట్టెలో, చించిన కాగితాల మధ్య, సగం వాడిపోయి వచ్చాయి. అందరం చుట్టూ చేరి చూశాం. బూడిదరంగు కలిసిన సన్నటి ఆకులు. మా అత్త ఒక రెమ్మ నలిపి వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

"ఓలమ్మ, పినాయిలు కంపు! దీన్ని ఏరి కోరి తెప్పించుకున్నారేటి?"

శైలజ నవ్వింది. కడుపు పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మేడ మీద ముందుగదిలో కిటికీ దగ్గర ఎండ బాగా పడుతుంది. ఆ గది నాది. నా పేరున రాసిచ్చిన గది కాదు లెండి. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, తలుపు దగ్గరగా వేసుకుని నేను నడుం వాల్చే చోటు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోడానికి అదొక్కటే ఉండేది. లావెండర్‌కి ఎండ కావాలట. అడిగారు. "దానికేటి, ఎట్టుకోండి" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ రోజుకి నా మనసులో ఏమీ లేదు. లేదనే అనుకుంటున్నాను. లేదా? ఇప్పుడు తవ్వి చూసుకుంటే ఏది అప్పటికే ఉందో, ఏది తరవాత పుట్టిందో తేల్చుకోలేకపోతున్నాను.

ఆ పిల్ల వాటిని పెంచిన తీరు చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఎంత దరిద్రపు పనో మీకు తెలియదు. ప్లాస్టిక్ కుండీలు వద్దని మట్టివి తెప్పించుకుంది. అడుగున చిల్లులు పెద్దవి చేయించింది. మట్టిలో సగానికి సగం ఇసుకా, సన్న పిక్కరాళ్ళూ కలిపింది. పైన గులకరాళ్ళు పరిచింది. మన సముద్రపు గాలికి ఈ మొక్క బతకడమే కష్టం, దీనికి తడి పడదు అని ఇంట్లో ప్రతివాళ్ళకీ చెప్పింది. నాకూ చెప్పింది. మట్టిలోకి వేలు దూర్చి చూసి, లోపల పొడిగా తగిలితేనే నీళ్ళు పోసేది. ముసురు పట్టిన రోజుల్లో వాటికి ఫ్యాను వేసేది. మొక్కలకి ఫ్యాను! కరెంటు పోతే విసనకర్ర పుచ్చుకుని కూర్చునేది. మా అత్త ఆ సంగతి కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. కొత్త చివుళ్ళు కాస్త సాగగానే కత్తెరతో కొసలు కత్తిరించేది, గుబురుగా వస్తాయని. నిజంగానే గుబురుగా వచ్చాయి. కిటికీలోంచి గాలి తిరిగిందంటే గదంతా ఒకటే వాసన.

ఆ వాసన నాకు గిట్టకుండా పోయింది.

ఎందుకని అడగండి. నేనూ అడుక్కున్నాను. మరిది కొట్టు కట్టేసి పైకి రాగానే ముందు ఆ గదిలోకి వెళ్ళేవాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని కుండీల్ని చూసుకుంటూ ఏవో గుసగుసలాడుకునేవాళ్ళు. మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఇన్నేళ్ళ కాపురంలో నేను అడక్కుండా ఒక మూర పూలు తెచ్చిన పాపాన పోలేదు. నేను పిల్లల్ని కన్నాను, ఇంటిల్లిపాదికీ వండి వార్చాను, జ్వరమొచ్చినా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. నా మొహంలోకి చూసి అంత మెత్తగా మాట్లాడినవాళ్ళు లేరు. అలాగని కడుపు పోయిన పిల్ల మీద ఏడవడమా? ఏముందని ఆమె దగ్గర? ఆమె పోగొట్టుకున్నదాన్ని చూసి కూడా ఓర్వలేకపోయానా? ఛీ. రాస్తుంటేనే చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆమె కింద అన్నం తింటోంది. నేను పొద్దున్న బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెతో పైకి తీసుకెళ్ళాను. మేము కడుగు అంటాం. మా ఇళ్ళలో కడుగు పారబొయ్యం. కరివేపాకుకో గులాబీకో పోస్తాం, మొక్కకి బలం అంటాం. ఎవరైనా చూస్తే "బలానికి పోసేనే" అంటే సరిపోతుంది. ఆ సాకు మెట్లెక్కుతుండగానే సిద్ధం చేసుకున్నాను, చూడండి నా తెలివి. గులకరాళ్ళ మీద తెల్లటి మరక కడుతుందని ఒక పక్కకి రాళ్ళు తప్పించి, నెమ్మదిగా పోసి, మళ్ళీ ఎలా ఉన్నవి అలా సర్దాను. అడుగు పళ్ళెంలోకి దిగిన నీళ్ళు పాతగుడ్డతో తుడిచాను. తరవాత వెళ్ళి హాయిగా పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

మర్నాడూ పోశాను. ఆ పైన గిన్నెలు సర్దుకోవడం, పొయ్యి తుడుచుకోవడం లాగే అదీ నా పనుల్లో ఒకటైపోయింది.

ఆకులు వేలాడాయి. నీళ్ళు చాలని మొక్కా, నీళ్ళెక్కువైన మొక్కా చూడ్డానికి ఒకేలా వాడిపోతాయి. నేను చేసిన పనికి అది బాగా కలిసొచ్చింది. ఇంట్లో అందరూ "నీల్లు పొయ్యవే, సచ్చిపోతన్నాయి" అని శైలజ మీద పడ్డారు. ఆ పిల్ల మాత్రం మట్టిలోకి వేలు దూర్చి చూసి, వాటి ముందే కూర్చునేది.

ఒకరోజు వంటింట్లోకి వచ్చింది. వేలికి తడిమట్టి. నేను పులుసు కోసం చింతపండు పిసుకుతున్నాను.

"అక్కా, నేను నీల్లు పోసి వారం దాటిపోనాది. మట్టి ఆరట్లేదు. ఏటో అర్థం కాట్లేదు. నువ్వేటైనా పోసేవేటి?"

అనుమానించి అడగలేదు. అనుమానించి అడిగి ఉంటే నాకు ఇంత రోత ఉండేది కాదేమో. అక్క మంచికే పోసి ఉంటుందేమో అని అడిగింది.

"నాకేటి పనీపాటా నేదేటే? ముసురు గాలి. ఏ మట్టి ఆరతాది సెప్పు?"

"అంతేనంటావా?"

"అంతే. నువ్వు మరీ ఇదైపోకు."

ఆమె పీట లాక్కుని కూర్చుంది. కాసేపు వేలి మట్టి దులుపుకుంటూ ఉండి, గొంతు తగ్గించి అంది.

"నవ్వకక్కా. ఇవి పూస్తే మల్లీ కడుపు కోసం సూద్దామనుకున్నాను. ఇంత సేసినా ఇవే బతక్కపోతే, నా దగ్గరేటి బతుకుతాది?"

నా చేతుల నిండా చింతపండు గుజ్జు. తలెత్తలేదు. అప్పుడు "నేనే పోసేనే" అంటే అయిపోయేది. కుండీల్లోంచి తీసి, వేర్లు ఆరబెట్టి, పొడిమట్టిలో మార్చి పెడితే ఒకటి రెండైనా బతికేవి. ఆమెకి తెలుసు ఎలా బతికించాలో. నేను "పూస్తాయిలే" అన్నాను. మర్నాడు మళ్ళీ కడుగు పట్టుకుని మెట్లెక్కాను.

అంతకు ముందు పోసిందంతా ఈర్ష్య అనుకుందాం. ఆ మాట విన్నాక పోసింది ఏమిటి? చాలాకాలం నాకు నేను ఇలా చెప్పుకున్నాను: ఆపేస్తే మొక్కలు తేరుకుంటాయి, తేరుకుంటే నీళ్ళ వల్లే అని తేలుతుంది, తేలితే ఎవరు పోశారన్న ప్రశ్న వస్తుంది, అందుకని భయపడ్డాను అని. అది నిజమే, కానీ అంతా కాదు. మిగతాది ఇది. ఆమె అలా వంటింట్లోకి వచ్చి నా ముందు కూర్చుని బాధ చెప్పుకోవడం నాకు బాగుంది. ఆ ఇంట్లో నేను ఒకరికి అవసరమయ్యాను. ఆ సుఖం కోసం ఆ మొక్కల్ని చంపుతూ పోయాను. థూ.

చివరికి ఆమె కుండీలు బోర్లించింది. అందరం అక్కడే ఉన్నాం. వేర్లు నల్లబడిపోయి, పట్టుకుంటే జిగటగా వేళ్ళకి అంటుకుని ఊడొచ్చాయి. పులిసిపోయిన కంపు. "ఏరు కుల్లిపోనాది" అంది శైలజ. అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "సంటిపిల్లల్లాగ సూసుకున్నావు కదే, ఏటైపోనాయే ఇలగ?" అంది. పాపం, ఆ మాటలో జాలే ఉంది. అప్పుడు నేను నోరు విప్పాను. నన్నెవరూ అడగలేదు.

"కొంతమంది సేతికి మొక్క రాదత్తా. ఏటి సేస్తాం."

ఆ మాట పుట్టింది నా నోట్లోనే. మొక్కల్ని చంపడంతో ఆగి ఉంటే అది కుళ్ళుమోతుతనం. ఈ మాట దాన్ని మించిపోయింది. అత్త శైలజ చేతులకేసి చూసింది. తరవాత ఆమె పొట్టకేసి చూసింది. శైలజ అది గమనించడం నేను గమనించాను.

మరుసటేడు మా ఆడపడుచు పెళ్ళి. పెళ్ళిలో పాలికలు పెడతారు, తెలుసుగా. మట్టి మూకుళ్ళలో పుట్టమన్ను పోసి, ముత్తైదువులు నవధాన్యాలు చల్లి, నీళ్ళు చిలకరిస్తారు. మొలకలు ఎంత బాగా వస్తే కొత్త కాపురం అంత పచ్చగా ఉంటుందని మావాళ్ళ నమ్మకం. శైలజ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని మా వరసలో వచ్చి కూర్చుంది. ధాన్యాల పళ్ళెం ఆమె దాకా వచ్చింది. చెయ్యి చాపింది. అత్త పళ్ళెం పక్కకి జరిపేసింది. బంధువుల ముందు కదా, గట్టిగా కూడా అనలేదు.

"నువ్వొద్దమ్మా. నీ సెయ్యి అచ్చిరాదు. లోపలికెల్లి తాంబూలాలు సూడు."

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తరవాత ఒళ్ళోకి తీసుకుని, లేచి లోపలికి వెళ్ళింది. పళ్ళెం నా ముందుకొచ్చింది. నేను అడ్డం చెప్పలేదు, తీసుకున్నాను. గుప్పెడు నిండా తీసి చల్లాను. చెంబుతో నీళ్ళు కూడా నేనే చిలకరించాను. మొలకలు ఏపుగా వచ్చాయి. "పెద్దకోడలి సేతి సలవ" అన్నారు వచ్చినవాళ్ళు. నేను సిగ్గుపడినట్టు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

తరవాత మరిది నెల్లిమర్లలో కొట్టు పెట్టుకుని వేరు వెళ్ళిపోయాడు. వాళ్ళకి పిల్లల్లేరు. కలగలేదో, ఆమే వద్దనుకుందో నాకు తెలియదు. అడగడానికి నాకు మొహం లేదు. వాళ్ళ ఇంట్లో ఒక్క మొక్క ఉండదు. ఇంటికి తులసి అన్నా ఉండాలని మరిది పోరితే, నన్ను పిలిపించి నాటమంది. నాటాను! నాటి, కాఫీ తాగి, పసుపు కుంకుమ పుచ్చుకుని బస్సెక్కి వచ్చాను. ఇంతకంటే సిగ్గులేనితనం ఇంకేముంటుంది?

మొన్న మా ఆడపడుచు కూతురి బారసాల మా ఇంట్లోనే చేశాం. ఆలస్యంగా పుట్టిన బిడ్డ, అందరికీ ముద్దే. చేతులు మారుతోంది. ఆడపడుచు బిడ్డని శైలజకి అందించబోయింది. శైలజ గబుక్కున వెనక్కి జరిగి, రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. నవ్వుతూనే.

"నా సెయ్యెందుకులే. అక్కకియ్యి."

అనడానికి ఇప్పుడు మా అత్త కూడా లేదు, పోయింది. ఆ మాట శైలజ తనంతట తానే అంది. అదొక మామూలు సంగతన్నట్టు అంది. బిడ్డ నా చేతుల్లోకి వచ్చింది. వెచ్చగా, పాలవాసనతో. నా చేతుల మధ్య ఆ బిడ్డని చూడగానే నాకు కడుపులోంచి తన్నుకొచ్చింది. ఎవరికో ఇచ్చేసి స్నానాలగదిలోకి పరిగెత్తి కక్కాను. వెనకాలే ఎవరో వచ్చి వీపు రాశారు. శైలజే.

"పైత్యం సేసినట్టున్నాదక్కా. మజ్జిగ తేనా?"

నా వీపు మీద ఆ చెయ్యి. అప్పుడైనా చెప్పానా? "తే" అన్నాను. తెచ్చిన మజ్జిగ తాగాను.

అందుకే మీకు చెబుతున్నాను. ఆమెకి చెప్పాల్సింది ముక్కూ మొహం తెలియని మీకు చెప్పడం కూడా పిరికితనమే, ఆ మాత్రం తెలుసు నాకు. క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆ హక్కు ఉన్న మనిషిని అడగడానికి నాకింకా నోరు రాలేదు. రేపు వస్తుందా? నా మీద నాకు నమ్మకం లేదు. చెప్పాక ఆమె నా గుమ్మం తొక్కకపోవచ్చు. తొక్కకూడదు కూడా. కానీ ఆ రెండు చేతులూ కొంగులోంచి బయటికి రావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి, ఆ ఒక్కరూ నేనే.

ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు. ముందుగదిలో కూర్చుని, ఆమె ఎదురుగా ఉన్నట్టే ఒకసారి పైకి అని చూశాను.

"నీ సేతిలో ఏ దోసమూ నేదే పిల్లా. నీల్లు పోసింది నేను."

గొంతు నాది కానట్టు వచ్చింది. మళ్ళీ అన్నాను. రెండోసారి కాస్త గట్టిగా వచ్చింది.