మూసిన పిడికిళ్ళు

1979 ఫిబ్రవరిలో తిరుచానూరులోని ఒక హైస్కూలులో నా ఫైనల్ లెసన్ పడింది. బి.ఇడి. విద్యార్థి ఏడాదంతా బోధనా పద్ధతులు ఎంత చదివినా, చివరకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ఒక తరగతికి ఒక పీరియడు పాఠం చెప్పి నెగ్గాలి. ఆ పరీక్షకుణ్ణి ఎక్స్‌టర్నల్ అనేవాళ్ళం. నాది చరిత్ర, సాంఘిక శాస్త్రం. ఇది తప్పితే పట్టా రాదు. పట్టా లేకపోతే జిల్లా పరిషత్ బడిలో ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టలేను. మా ఊరు నగరిలో బయలుదేరేటప్పుడు నాయన మగ్గం మీది నుంచి తల ఎత్తకుండానే అన్నాడు: "పాసయితే అయ్యోరివవుతావు. లేకుంటే నీ మగ్గం ఈడనే ఉండాది, యాడికీ పోదు." ధైర్యం చెప్పాడో బెదిరించాడో తెలియలేదు. ఆ వారంలో నాకు అర్థం కానివాటిలో అది మొదటిది.

నేను అలవాటుపడింది ఎనిమిది-ఎ సెక్షనుకు. ముందే వల్లె వేయించిన పాఠం తనకొద్దని ఎక్స్‌టర్నల్ ఆ ఉదయమే నన్ను ఎనిమిది-బికి మార్చారు. సిద్ధాంతరీత్యా అది సబబే. కానీ ఆ పిల్లల్లో ఒక్కరి మొహమూ నాకు తెలియదు. ఆ తరగతి ఉపాధ్యాయుడు మునిరత్నం గారు గుమ్మం దగ్గర ఆపి, "అప్పా, మా పిల్లోళ్ళ సంగతి ఒకటి..." అంటుండగానే గంట కొట్టారు. ఎక్స్‌టర్నల్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

నా పాఠం 'చరిత్రకు ఆధారాలు'. పద్ధతి ప్రకారం మొదట కొన్ని ప్రశ్నలు వేయాలి. జవాబులే మమ్మల్ని పాఠం దగ్గరికి తీసుకురావాలి. అప్పుడే 'ఈ రోజు ఫలానాది నేర్చుకుందాం' అని ప్రకటించాలి. దాన్ని ఉద్దేశ్య కథనం అంటారు. జవాబులు రాకపోతే పాఠం గుమ్మం దాటదు.

"మనం పుట్టకముందు జరిగిన సంగతులు మనకెలా తెలుస్తాయి?" అని అడిగాను. తరగతి మొత్తం చెయ్యెత్తింది. కొన్ని చేతులు విప్పి ఉన్నాయి, ఎక్కువ చేతులు పిడికిలి బిగించి ఉన్నాయి. నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. అక్కడ పిడికిలి ఎత్తినవాడు తన మాట మీద నిలబడేవాడని లెక్క. అందుకని పిడికిళ్ళనే ఏరి లేపాను.

మొదటి అబ్బాయి లేచి తన పిడికిలి వైపు చూసుకున్నాడు, తర్వాత నావైపు అన్యాయం చేసినవాణ్ణి చూసినట్టు చూశాడు. రెండో అమ్మాయి తల వంచుకుంది. మూడోవాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక ఎక్స్‌టర్నల్ కలం కదులుతోంది.

ప్రశ్న తేలిక చేశాను. "గుడి గోడల మీద చెక్కిన రాతలు చూశారా?" పిడికిళ్ళన్నీ విచ్చుకున్నాయి. "శాసనం అంటే ఏమిటి?" మళ్ళీ మూసుకున్నాయి. "మన జిల్లా పేరేమిటి?" మళ్ళీ విచ్చుకున్నాయి. ముందు బెంచీలో పద్మ అనే అమ్మాయిని అడిగాను, పిడికిలి ఎందుకు మూశావని.

"జవాబు రానోళ్ళు మూస్తారు సార్, మూసుంటే మమ్మల్ని అడగకూడదు."

"చెప్పేసినావు గదే!" అని వెనక నుంచి ఒక గొంతు.

"సార్‌కు తెలీక మనోళ్ళని ఏడిపిస్తా ఉండాడు గదే, ఏం జేసేది?" అంది పద్మ వెనక్కి తిరిగి.

నాకు ఒళ్ళు మండింది. బడి తనిఖీకి వచ్చినవాడి కళ్ళకు గంతలు కట్టడానికి పిల్లల చేతులా! ఇక విప్పిన చేతులనే లేపితే పాఠం నల్లేరు మీద బండిలా సాగుతుంది, పట్టా వస్తుంది. కానీ అబద్ధం మీద నిలబడి ఆధారాల గురించి చెప్పడం నావల్ల కాలేదు.

"ఇందాక అందరూ చెయ్యెత్తారు. కొత్తగా వచ్చినవాడు ఏమనుకుంటాడు?" అని అడిగాను.

"అందరికీ వచ్చనుకుంటాడు సార్."

"నిజమేనా?"

"కాదు సార్."

"మరి నిజం ఎట్లా కనుక్కోవాలి?"

"అడగల్ల సార్," అంది పద్మ.

ఆధారాన్ని చూస్తే చాలదు, పరీక్షించాలి, ఈ రోజు అదే నేర్చుకుందాం అన్నాను. ఉద్దేశ్య కథనం అయింది. తర్వాత ఏం చెప్పానో గుర్తులేదు.

గంట కొట్టాక వరండాలో ఎక్స్‌టర్నల్ మునిరత్నం గారిని నిలదీశారు, ఈ పిడికిళ్ళు తనిఖీకి వచ్చే మాబోటివాళ్ళను మోసం చేయడానికేనా అని. జవాబు కోసం నేను కాస్త గెలిచిన ధీమాతోనే నిలబడ్డాను.

"కాదయ్యా. తెలీని బిడ్డ చెయ్యి దించుకోని కూసుంటే పక్కబిడ్డ నవ్వుతాది. నవ్వితే రేపు బడికే రాదు. అందరూ ఎత్తితే, ఎవురికి రాలేదో నాకొక్కడికే తెలుస్తాది. సాయంత్రం వాళ్ళను కూసోబెట్టి మళ్ళా చెప్తాను." నావైపు తిరిగి, "చెబుదామనే వచ్చినా గదప్పా, బెల్లు కొట్టేసిరి," అన్నారు.

"పిల్లలకు మేలే. చూడవచ్చినవాడి సంగతి?" అన్నారు ఎక్స్‌టర్నల్.

"చూడొచ్చినాయన ఒక పొద్దుండి పోతాడు. బిడ్డ పదేండ్లు సదవల్ల."

ఎక్స్‌టర్నల్ కలం మూసి వెళ్ళిపోయారు. నేను బయటపెట్టింది మోసమా, దయా? రెండూ అయి ఉండవచ్చన్న ఆలోచన నాకు అప్పటిదాకా ఏ సభలోనూ ఎదురుపడలేదు. ఫలితాల్లో పాసయ్యాను. నిజం చెప్పినందుకో, చెప్పినా పరవాలేదనో, నాకు ఇప్పటికీ తెలియదు. మా మెథడ్స్ లెక్చరర్‌ను అడిగితే, "పాసయినావు గదా, పరిశోధనెందుకు?" అన్నారు.

ఆధారం ఏం జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చేసినవాణ్ణి విడిగా అడగాలి, అడిగేదాకా తీర్పు చెప్పకూడదు. ఉద్యోగంలో చేరాక నా తరగతిలోనూ పిడికిలి ఏర్పాటు పెట్టాను. తనిఖీకి ఏ అధికారి వచ్చినా, గదిలోకి అడుగు పెట్టకముందే గుమ్మం దగ్గర ఆపి దాని అర్థం చెప్పేవాణ్ణి.